శనగ అంటే ఏ శనగ?

శ్రీరంగప్ప పెరట్లో విత్తనం కాయలు ఒలిచే ఆడవాళ్ళకు కుళ్ళాయప్ప పుస్తకాలు చదివి వినిపించేవాడంటే, అదేదో జ్ఞానదానం అనుకునేరు. కాదు. కోపంతో మొదలైన పని అది.

కళ్యాణదుర్గం నుంచి రాయదుర్గం పోయే బాటలో, బస్సు ఆగితే ఆగి లేకపోతే పోయే పల్లె వాళ్ళది. కుళ్ళాయప్ప నాలుగో తరగతితో బడి మానేశాడు. అక్షరాలు మరిచిపోకుండా కాపాడింది బడి కాదు, బీడీకట్టల కాగితాలు, సినిమా గోడపత్రికలు, ఎరువు సంచుల మీది రాతలు. పెద్దయ్యాక కళ్యాణదుర్గం నూనె మిల్లులో గోతాల మూతులు కుట్టే పని దొరికింది. ఆ ఊళ్ళో సైకిలు షాపు పైన మిద్దెగదిలో 'పాఠక మిత్ర మండలి' అని ఒకటి ఉండేది. చేతికి అంటిన గోనెపీచు దులుపుకుని, వారానికొకసారి ఆ మెట్లెక్కి పుస్తకం తెచ్చుకునేవాడు.

మిల్లు మూతపడే ఎండాకాలంలో ఒకరోజు అతను శ్రీరంగప్ప పెరట్లో నీడకు కూర్చుని తనలో తాను చదువుకుంటున్నాడు. అటు పక్క ఆడవాళ్ళు బొటనవేళ్ళకు గుడ్డపేలికలు చుట్టుకుని, ముంగారు వానల విత్తుకు శనక్కాయలు ఒలుస్తున్నారు. వాళ్ళలో ఓబులమ్మ అనే ముసలామె ఉంది. ఆమె నోటికి ఊళ్ళో పెద్దరెడ్లు కూడా దారి ఇచ్చేవాళ్ళు.

"ఏమప్పా కుళ్ళాయప్పా, నోరు మూసుకోని చదివితే ఆ పుస్తకానికి అజీర్తి చేస్తాది. మాకూ రవ్వంత వడ్డించు" అంది.

అందరూ నవ్వారు. కుళ్ళాయప్పకు మండింది. మీకేం తెలుసు, వినండి చూద్దాం అన్నట్టు గొంతెత్తి చదవడం మొదలుపెట్టాడు. అరుపు విని శ్రీరంగప్ప పరుగున వచ్చాడు, పని చెడుతుందని. వచ్చినవాడు తిట్టలేదు. నిలబడి చూశాడు. కత వింటూ ఆడవాళ్ళు విత్తనాలు నోట్లో వేసుకోవడం మరిచిపోయారు.

"చదవనీ, చదవనీ" అని మీసం దువ్వుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ పల్లెలో చదువుకు దొరికిన మొదటి ఆదరణ అది.

ఆ ఎండాకాలమంతా కుళ్ళాయప్ప చదివాడు, వాళ్ళు తీర్పులు చెప్పారు. మండలి అలమరలో ఉన్న రకాలన్నీ ఆ పెరట్లో విచారణకు నిలబడ్డాయి. సముద్రం పక్క పట్నంలో మేడ మీద కూర్చుని నూరు పేజీలు ఏడ్చిన నాయిక కత వినిపిస్తే, కదిరమ్మ అనే కొత్తకోడలు కూడా కళ్ళొత్తుకుంది. ఓబులమ్మ మాత్రం, "ఆయమ్మకు నీళ్ళు మోసే పని లేదు, కట్టెలు తెచ్చే పని లేదు. ఇంగ ఏడ్సకపోతే పొద్దెట్ల పోతాది?" అని కొట్టేసింది. అపరాధ పరిశోధన నవల రెండో అధ్యాయంలోనే, "సంపినోడు యాడికీ పోలేదప్పా, ఆ తియ్యగా మాట్లాడే మేనమామే" అని తేల్చేసింది. అది నిజమే అయి కూర్చుంది. మంత్రాల నవలలో మాంత్రికుడు శ్మశానంలో నిమ్మకాయలు గంపలకు గంపలు కోస్తుంటే, "అన్ని నిమ్మకాయలకు దుడ్లు యాడివి వానికి? ముందు ఆ సంగతి చెప్పమను" అంది కుళ్ళాయప్ప అక్క రామక్క. పురాణం చదివితే వాళ్ళు వినలేదు, సరిదిద్దారు. విప్లవ కవిత్వం చదివితే ఓబులమ్మ చాలాసేపు విని, "ఎవురినో తిడతాండాడు గానీ పేరు చెప్పడం లేదు. భయమేమో పాపం" అంది.

పైకి కుళ్ళాయప్ప కూడా నవ్వేవాడు. లోపల ఉడికిపోయేవాడు. ఇంత ఖర్చుపెట్టి, కుట్టి, అట్ట వేసి, దేశం మీదికి పంపిన పుస్తకాన్ని ఈళ్ళు శనక్కాయ పొట్టుతో పాటు ఊదేస్తున్నారే! ఏది చదివినా చివరికి అందరూ అనే మాట ఒకటే. "కతేలేప్పా."

ఆ ఒక్క మాట అతనికి ముల్లులా గుచ్చుకునేది. అచ్చులో పడిన మాటకు విలువ ఉందని, దాన్ని చదవగలిగినవాడికి అంతకన్నా కొంచెం ఎక్కువ విలువ ఉందని వాళ్ళ చేత ఒప్పించాలి. గోతాల మూతులు కుట్టేవాడికి ఆ ఊళ్ళో వేరే విలువేముంది?

ఆగస్టులో ఆ అవకాశం దొరికిందనుకున్నాడు. మండలి అలమర అడుగు వరసలో, ఎవరూ ముట్టుకోని సన్నటి పుస్తకం ఒకటి కనిపించింది. పేరు 'శనగ సాగులో మెలకువలు'.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. మా సీమలో ఎర్రనేల పల్లెల్లో శనగ చేను అంటే శనక్కాయ చేనే. శనగ చెక్క, శనగ నూనె అన్నీ దాన్నుంచి వచ్చినవే. బేడలుగా పగలగొట్టి పప్పు చేసుకునే ఆ ఇంకో శనగను పప్పుశనగ అంటారు. అది నల్లరేగడి నేలల పంట. కుళ్ళాయప్ప వాళ్ళ ఊళ్ళో దాన్ని అంగట్లో చూడటమే తప్ప చేలో చూసినవాడు లేడు. పుస్తకం రాసిన ఆయనకు ఈ సంగతి తెలియదు. ఆయన దేశంలో శనగ అంటే శనగే.

ఆ శుక్రవారం సాయంత్రం రామక్క చేను గట్టు మీద నిలబడ్డాడు కుళ్ళాయప్ప. రామక్క మొగుడు పోయిన మనిషి. ఉన్న ఆ చెక్క నేలే ఆమెకు ఆధారం. ఆ ఏడు రెండు వానలు మంచివి పడ్డాయి. చేను పచ్చగా పరుచుకుని పసుపు పూత మీదుంది. రామక్క, ఓబులమ్మ, కదిరమ్మ కలుపు తీస్తున్నారు.

"ఈసారి కత కాదు. నిజం. వినండి" అన్నాడు.

విత్తడం అయిపోయింది కాబట్టి విత్తనం గురించి, నేలల గురించి రాసిన మొదటి పేజీలు తిప్పేశాడు. అయిపోయిన పెళ్ళికి మేళం ఎందుకని. నేరుగా నడిమికి పోయి చదివాడు. "మొక్క నెల దాటిన పిదప చివర్లను తుంచివేసినచో పక్క కొమ్మలు అధికముగా వచ్చి దిగుబడి పెరుగును."

ఓబులమ్మ లేచి వచ్చి అట్ట మీది బొమ్మలోకి తొంగి చూసింది. "ఇదేందప్పా, ఆకు ఇంత సన్నంగా ఉండాది? మన చెట్టు ఆకు మాదిరి లేదే?"

"అచ్చు సరిగా పడలేదు అవ్వా."

రామక్క నడుము నిలబెట్టి, చేతిలోని కలుపు కట్ట కింద పడేసింది. "ఇన్నేండ్లు సేద్యం చేసినాడు నాయన. యాన్నాడూ ఒక్క తల తుంచలేదే?"

"నాయన చదివినాడా?" అన్నాడు కుళ్ళాయప్ప.

రామక్క తమ్ముడి మొహంలోకి చూసింది, పుస్తకం వంక చూసింది. అచ్చు కదా. మరుసటి రోజు పొద్దున్నే చేలోకి వంగింది. ఆమెను చూసి కదిరమ్మ వాళ్ళూ తమ చేను తుంచారు. లేత చివర్లు గంపలకెత్తి మేకలకు వేశారు. ఆ నాలుగు రోజులు మేకలకు మాత్రం పండగ.

తుంచిన తరువాత వాన మొహం చాటేసింది. నెలన్నర చినుకు లేదు. తల తెగిన మొక్కలు ఎక్కడివక్కడ ముడుచుకుపోయాయి. తుంచని చేలు కూడా ఎండాయి, అబద్ధం చెప్పకూడదు. కానీ వాటికి అడుగున విత్తనానికి సరిపడా కాయలైనా దిగాయి. రామక్క చెట్టు పీకితే వేళ్ళకు మట్టి తప్ప ఇంకేమీ లేదు.

అటుగా సైకిలు మీద పోతున్న, సర్కారు తరఫున సేద్యం సంగతులు చూసే గ్రామసేవకుడు ఆగి, "ఎవురమ్మా ఈ పని చేసినోళ్ళు?" అని అడిగాడు. పుస్తకం తెప్పించి చూశాడు. చూసి, సైకిలు సీటు పట్టుకుని నవ్వాడు. "ఇది పప్పుశనగదప్పా సామీ! పప్పుశనగది!"

ఆ రోజు నుంచి ఊళ్ళో కుళ్ళాయప్ప పేరు 'తలతుంచు'. మంగలి బయ్యన్న దగ్గర కూర్చుంటే, "నాకెందుకప్పా, నీ పుస్తకం తెచ్చుకో, నువ్వే తుంచుకో" అన్నాడు. అదీ సహించాడు. సహించలేనిది వేరే ఉంది. అంతకుముందు ఊళ్ళోకి ఉత్తరం వచ్చినా, నోటీసు వచ్చినా అతని గడపకు తెచ్చేవాళ్ళు. ఇప్పుడు అవి పట్టుకుని పక్క ఊరి అయ్యవారి దగ్గరికి ఎండలో నడిచిపోతున్నారు, అతని ఇంటి ముందు నుంచే.

నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలు వచ్చాయి. మండలిలో 'పాఠకుల అభిప్రాయాలు' అని సభ పెట్టారు. పట్నం నుంచి ఒక లెక్చరరు వస్తాడన్నారు. కుళ్ళాయప్ప రామక్క గుడిసె ముందుకు పోయి నిలబడ్డాడు.

"అక్కా, నాతో రా. నేను తప్పు చదవలేదని, ఆ పుస్తకమే తప్పు మాట రాసిందని ఆ పెద్దమనుషుల నోటితోనే చెప్పిస్తా. నువ్వు విని వచ్చి ఊళ్ళో చెప్పు. నా మాట ఎవురూ నమ్మరు. నీ మాట నమ్ముతారు."

"వాళ్ళు చెప్తారా?"

"చెప్పక ఏం చేస్తారు?"

రామక్క చీర మార్చుకుని బయల్దేరింది.

మిద్దెగదిలో జంపఖానా పరిచారు. లెక్చరరు కుర్చీలో కూర్చున్నాడు. మండలి కార్యదర్శి గంగాధరప్ప ఒక్కొక్కరినీ పిలుస్తున్నాడు. తాలూకాఫీసు గుమాస్తా లేచి, తాను చదివిన సాంఘిక నవలలో పాత్రచిత్రణ అమోఘంగా ఉందన్నాడు. ఇంకొకాయన భక్తి గ్రంథం ప్రతి ఇంటా ఉండదగినదన్నాడు. కాలేజీ పిల్లవాడు డిటెక్టివు నవల ఉత్కంఠభరితమన్నాడు. ప్రతిదానికీ చప్పట్లు. కుళ్ళాయప్పకు వింటుంటే ఒళ్ళు మండింది. ఉప్పు లేని సంగటిలా ఉన్నాయి ఆ అభిప్రాయాలు. పుస్తకం తమకేం చేసిందో, తాము పుస్తకాన్నేం చేశారో ఒక్కడైనా చెప్పడే! వీళ్ళకన్నా ఓబులమ్మ నయం. నచ్చకపోతే ఉమ్మేస్తుంది.

"ఇప్పుడు మన కుళ్ళాయప్ప మాట్లాడతాడు" అన్నాడు గంగాధరప్ప. "ఏ ప్రక్రియ గురించి మాట్లాడతావప్పా?"

"ప్రక్రియ అంటే?"

"నవలా, నాటకమా, కవిత్వమా?"

"శనగ సాగు" అన్నాడు కుళ్ళాయప్ప.

గదిలో నవ్వు లేచింది. అతను పుస్తకం పైకెత్తి పట్టుకుని, నవ్వు ఆగకముందే మొదలుపెట్టాడు. గొంతు పగిలేలా చెప్పాడు. ఏం చదివిందీ, ఏం తుంచిందీ, ఏం పోయిందీ. తుంచామన్న చోట నవ్వు ఇంకా పెద్దదైంది. గుమాస్తా కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

లెక్చరరు చేయెత్తి నవ్వు ఆపాడు. మెత్తటి మనిషి. మెత్తగానే అన్నాడు. "చూడు బాబూ, పుస్తకంలో తప్పేమీ లేదు. శనగ అంటే శనగే. నువ్వు అనుకున్నది వేరుశనగ. రెండు పంటలు, రెండు మాటలు."

"మీ ఇంట్లో దేంతో వండుకుంటారు సార్?"

"శనగ నూనెతో."

"ఆ నూనె పప్పుశనగ పిండితే వచ్చినదా?"

ఒకరిద్దరు "అవును గదా" అన్నారు. లెక్చరరు తల పంకించాడు. "అది వ్యవహారం. ఇది శాస్త్రం. శాస్త్రాన్ని వ్యవహారంతో కలిపితే ఇలాగే అవుతుంది. మొదటి పేజీలు కూడా చదివి ఉంటే నల్లరేగడి అని కనిపించేది కదా?"

చప్పట్లు కొట్టారు. కుళ్ళాయప్ప పుస్తకం తిప్పి మొదటి పేజీ చూశాడు. ఆ మాట నిజం. నిజం కాబట్టే ఇంకా మండింది. ఇన్ని వందల పల్లెల్లో ఆ మాటకు ఏం అర్థమో ఒక్క మనిషినైనా అడిగి ఉంటే ఆ పుస్తకానికి సిరా అయిపోయేదా? ఒక బ్రాకెట్టులో పప్పుశనగ అని రాస్తే శాస్త్రం మైలపడేదా? ఇవన్నీ గొంతు దాకా వచ్చాయి, బయటికి మాత్రం, "ఈ మాట పుస్తకం మీద రాయండి సార్, పప్పుశనగ అని, చాలు" అని వచ్చింది. బిచ్చం అడిగినట్టు వచ్చింది.

"సాహిత్య సభలో ఇవన్నీ ఎందుకప్పా" అన్నాడు గంగాధరప్ప. "కూర్చో. తరువాత కవిత్వం."

గోడ పక్కన కూర్చున్న రామక్క లేచి నిలబడింది. "నవ్వినోళ్ళు ఇంగా నవ్వండప్పా. పోయింది నా చేను. ఆ పుస్తకం రాసినాయప్పదేమీ పోలేదు" అని, తమ్ముడి వంక చూడకుండా మెట్లు దిగిపోయింది.

కుళ్ళాయప్ప ఆమె వెనకే బస్టాండుకు పోయాడు. రాయదుర్గం బస్సు ఇంకా రాలేదు. శనక్కాయల బండి దగ్గర నిలబడి రామక్క అడిగింది.

"ఆ సారు చెప్పింది నిజమేనా?"

"నిజమే."

"నువ్వు చెప్పింది?"

"అదీ నిజమే అక్కా."

"మీ నిజాలు మీరే ఉంచుకోండి" అంది రామక్క. ఆ తరువాత ఇన్ని నెలలుగా దాచుకున్నదంతా ఒక్కసారి బయటపడింది. "చేను పోయిందని కాదురా నాకు కోపం. చేను ఏటేటా పోతానే ఉండాది. తుంచింది నా చేతులే, ఎవురూ పట్టుకోని తుంచలేదు. 'నాయన చదివినాడా' అన్యావే! పుస్తకం చేతిలో ఉండాదని ఆ మాట అన్యావే! తెలీని సంగతి తెలిసినట్టు చెప్పేదానికా నువ్వు చదువు నేర్చింది? ఆ గదిలో నవ్వినోళ్ళకూ నీకూ ఏంది తేడా?"

బస్సు వచ్చింది. ఆమె ముందు ఎక్కి ఆడవాళ్ళ సీట్లో కూర్చుంది. కుళ్ళాయప్ప వెనక నిలబడ్డాడు. లెక్చరరు మీద కోపం, గంగాధరప్ప మీద కోపం, మబ్బు మీద కోపం, అన్నీ నోట్లో రాళ్ళలా నములుతూ వచ్చాడు. అక్క మాట మాత్రం నమలడానికి కూడా రాలేదు.

ఊళ్ళో రామక్క ఎవరికీ ఏమీ చెప్పలేదు. అతనికి అనుకూలంగానూ చెప్పలేదు, వ్యతిరేకంగానూ చెప్పలేదు. జనం ఉత్తరాలు పట్టుకుని పక్క ఊరికి నడుస్తూనే ఉన్నారు.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. శ్రీరంగప్ప పెరట్లో మళ్ళీ కాయలు పోశారు. విత్తనం లేని రామక్క ఈసారి కూలికి ఒలుస్తోంది. మిల్లు మూతపడి వచ్చిన కుళ్ళాయప్పను చూసి కదిరమ్మ పిలిచింది.

"రా కుళ్ళాయన్నా, కత చదువు. కత అయితే ఏం కాదులే. అబద్ధమని ముందే తెలుసు. మా చేల జోలికి రాదు."

అందరూ నవ్వారు. అది పిలుపే. నిరుటి నుంచి అతను ఎదురుచూసిన పిలుపు. కానీ చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. అంటే ఇంక ఈ ఊళ్ళో తన నోటికి మిగిలింది అబద్ధమేనా? చంకలోని నవల తీసి అరుగు మీదికి విసిరికొట్టాడు. సంచిలోంచి ఇంకో సన్నటి పుస్తకం తీశాడు. అట్ట మీద 'వేరుశనగ' అని పెద్ద అక్షరాలున్నాయి.

"వద్దప్పా సామీ!" అని ఓబులమ్మ రెండు చేతులూ జోడించింది.

లోపలి నుంచి వచ్చిన శ్రీరంగప్ప, "తుంచేదేమన్నా ఉంటే నా చేనుకు మాత్రం చెప్పద్దప్పా" అన్నాడు.

కుళ్ళాయప్ప ఎవరి మాటా వినలేదు. మొదటి పేజీ, మొదటి వరస నుంచి తిట్టినట్టు చదివాడు. "తొలకరి వర్షములకు నేలను నాగలితో దున్ని..."

"నాగలి అంటే?"

అడిగింది రామక్క. తల ఎత్తలేదు. చేతిలో కాయ చిట్లింది.

"మడక."

"మడక అని చదువు. తొలకరి అంటే?"

"ముంగారు."

"ముంగారులో ఏ వాన? రోహిణిదా, మృగశిరదా, ఆరుద్రదా? ఏ వానకు దున్నమన్నాడు, ఏ వానకు విత్తమన్నాడు?"

పెరట్లో చేతులన్నీ ఆగాయి. కుళ్ళాయప్ప పేజీ తిప్పాడు. మళ్ళీ వెనక్కి తిప్పాడు. ఎక్కడా కార్తె పేరు లేదు. తొలకరి, తొలకరి, అంతే. చెప్పేయడానికి నాలుక చివరన 'ఆరుద్ర' సిద్ధంగా ఉంది. ఊళ్ళో అందరూ విత్తేది అప్పుడేగా. చెబితే ఎవరూ కాదనరు. పుస్తకం పరువు నిలుస్తుంది, తన పరువూ నిలుస్తుంది. రామక్క ఇప్పుడు తలెత్తి చూస్తోంది.

"తెలీదు!" అని అరిచాడు. "ఈ పుస్తకంలో లేదు! రాసినోనికి తెలీదో, మనకు చెప్పాలనిపించలేదో, నాకు తెలీదు!"

రామక్క ఒడిలోని పొట్టు దులుపుకుంది.

"అట్ల చెప్పు" అంది. "ఇంగ చదువు."

అతను చదివాడు. ఒక వరస దాటిందో లేదో ఓబులమ్మ చేతిలోని కాయ కింద పెట్టి, "ఉండప్పా ఉండు, ఆ 'హెక్టారు' అంటే ఏంది?" అంది.